గుంటలో ఫిరంగికి ఎన్ని మార్కులు

మేడం చనిపోయిన నాలుగో రోజు ఆమె ఇంటి ఓనర్ నాకు ఫోన్ చేసి, "అమ్మా, ఇది చేతబడినా?" అని అడిగాడు.

నేనప్పుడు ఆదోనిలో, నేను పనిచేసే జిరాక్స్ షాపులో, ఒకాయన ఆధార్ కార్డు రెండు వైపులా ఒకే పేజీలో తెప్పించడానికి తంటాలు పడుతున్నాను.

"ఏదన్నా?"

"పైనింట్లో బల్ల మీద నల్లమట్టి పోసినారు. మట్టిలో గుంతలు. గుంతల్లో దారం సుట్టిన పుల్లలు, గుండీలు. సుట్టూ చింతగింజలు, కుంకుడు గింజలు. మీద పత్తి. సున్నం కొట్టేటోడు సూసి కిందికి దిగొచ్చినాడు, మళ్ళీ పైకి పోనంటాండాడు. నాకు పరేషాన్ అయితాంది."

"చేతబడి కాదన్నా. యుద్ధం."

అవతల ఆయన ఎవరికో "యుద్ధమంట" అని చెప్పాడు.

"ఎవరి మీద?"

"మా నాయన మీద."

ఓనర్ ఆదివారం లోపల వచ్చి తీసుకుపొమ్మని ఫోన్ పెట్టేశాడు. ఆధార్ కార్డు ఆయన మాత్రం నా ముఖం వైపు, తన కార్డు వైపు చూసి, ఒక వైపు చాలులే అన్నాడు.

ఆ యుద్ధం ఏందో, మేడం ఎట్లాంటిదో చెప్పకపోతే ఓనర్ అనుకున్నదే ఊర్లో మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. పదో తరగతి రెండో దఫాలో గట్టెక్కాను, మొదటిసారి తప్పింది సోషల్‌లోనే. ఆ సోషల్ చెప్పిందే ఈ మేడం. మా ఊరు ఎమ్మిగనూరు. ఆడపిల్లల హైస్కూల్లో ఆమె క్లాసుంటే కాకులు కూడా కిటికీ మీద వాలేవి కావు. రిటైరయ్యాక ఆదోనికి మారి, ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుంది. అక్కడే ఎందుకని ఒకసారి అడిగితే, "కోట కనపడుతుంది" అంది. అంత దూరం వచ్చి చూసే కోట మీద ఆమెకు గౌరవముందా అంటే అదీ లేదు.

"కొండ మీద కోట ఎవడన్నా కడతాడు. కొండే సగం కట్టి పెట్టింది. బయలు పొలంలో, శత్రువు రేపొస్తాడనంగా, పారలు తట్టలు తీసుకుని మట్టికట్ట వేసి, దాని వెనక ఫిరంగి నిలబెట్టేవాడు మొనగాడు."

ఇది ఆమె నాకు టీ పోస్తూ చెప్పింది. టీకి తనే ఆరు మార్కులు వేసుకుంది.

అన్నింటికీ మార్కులే ఆమెకు. పదికి ఇన్ని అని. బస్సుకు నాలుగు, ఆదోని ఎండకు తొమ్మిది, పక్కింటి పెళ్ళి బ్యాండుకు రెండు. మనుషుల పేర్లు మర్చిపోయేది కానీ మార్కులు మర్చిపోయేది కాదు. మా షాపుకు మొదటిసారి వచ్చినప్పుడు ఏదో పాత ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూపించి, దీన్ని నాలుగింతలు పెద్దది చెయ్యమంది. నా ముఖం చూడనేలేదు. కాగితం తీసుకునేటప్పుడు ఒకసారి చూసి, "నువ్వు క్వార్టర్లీలో పద్దెనిమిది గదమ్మే?" అంది. షాపులో ఐదుగురున్నారు. ఐదుగురూ నన్ను చూశారు.

"మీ ఇంట్లో మగ్గముంది గదా? ఇరిగిపోయిన కండెలుంటే తీసుకరా."

కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే, దారం చుట్టిన పుల్ల. మా ఇంట్లో విరిగినవి బుట్టెడు ఉంటాయి, పొయ్యిలోకి పోతాయి. నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ బస్సులో వచ్చి పోతాను. మరుసటి రోజే ఒక సంచి నిండా తెచ్చి మేడెక్కాను. ఆ బల్ల అప్పుడే మొదటిసారి చూశాను.

బల్ల అంటే బల్ల కాదు, ఒక పాత తలుపు. నాలుగు స్టూళ్ళ మీద పెట్టింది. దాని మీద జానెడు మందాన నల్లరేగడి. కాలువలు, దిబ్బలు, ఒక ఊరు (ఊరంటే అగ్గిపెట్టెలు). అటొక సైన్యం, ఇటొక సైన్యం. చింతగింజలు కాలిబంట్లు. ఒక్కో గింజను ఒక వైపు అరగదీసి తెల్లగా చేసింది. గోధుమరంగు పైకుంటే బతికున్నట్టు, తెలుపు పైకుంటే పోయినట్టు. అట్టముక్క మీద పదేసి గింజలు వరసగా ఉంటాయి. కుంకుడు గింజలు గుర్రాలు. అవి ఊరికే దొర్లి కిందపడేవి. నేను ఏరి ఇస్తే, "గుర్రాలు గదా, నిలబడవు" అనేది. యుద్ధానికి ముందు ప్రతి వరసకూ హాజరు తీసుకునేది. నవ్వుతూ కాదు. పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని.

కండెలను వేలెడు ముక్కలుగా కోసి, రెండు పక్కల చొక్కా గుండీలు అతికిస్తే ఫిరంగి. ఫిరంగి పేలినప్పుడు దాని మూతి దగ్గర ఇంత పత్తి పెట్టేది, పొగలాగా. ఆ పత్తి ఉన్నంతసేపు ఫిరంగి మళ్ళీ పేలకూడదు, అప్పుడు లోపల మందు కూరుతుంటారన్నమాట. ఒక వంతు అయినాక పత్తి తీసేయాలి. పత్తికేం తక్కువ ఆదోనిలో? సీజన్లో మార్కెట్‌కి పోయే ట్రాక్టర్లన్నీ దారిపొడవునా కంపచెట్లకు ఇంతింత ఇచ్చుకుంటూ పోతాయి. మేడం సాయంత్రం నడకకు పోయి పొగ ఏరుకొచ్చేది.

ఆట ఇద్దరు ఆడేది. దూరాలు టైలర్ టేపుతో కొలవాలి. గుండు తగిలిందా లేదా పాచిక చెప్తుంది. ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నాయి. మేడం వాటిని తెలుగులో లాంగ్ నోట్‌బుక్కులోకి ఎత్తి రాసుకుంది. అందులో ఎక్కువ పేజీలు మట్టికట్టల వెనక ఫిరంగుల గురించే. ముందర కందకం తవ్వాలి. తవ్విన మట్టి వెనక్కి పోసి గుండెల ఎత్తు కట్ట వేయాలి. కట్టలో ఒక కంత వదలాలి. కంత వెనక, చదును నేల మీద, ఫిరంగి. ఒకసారి పెట్టాక ఆట అయిపోయేదాకా కదలకూడదు. కంతలోంచి ఎంత కనపడితే అంతే కొట్టాలి, పక్కకు తిరగకూడదు.

"ఫిరంగికి కాళ్ళు లేవు, కండ్లే ఉన్నాయి" అనేది మేడం.

ఇంకో మాట కూడా: "కట్ట వెనక దాక్కున్నోడు పిరికోడు కాదు. సాయంత్రం హాజరు పలికేటోడు వాడే."

ఇంత తెలిసినామె ఒక తప్పు చేసింది. రేగడి మట్టి వాడింది. ఆలూరు పక్క ఎవరి చేన్లోంచో ఆటోలో తెప్పించింది. రేగడి సంగతి మనకు తెలిసిందే. తడిగా ఉంటే చెప్పినట్టు వింటుంది, ఎండితే నోరు తెరుస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి యుద్ధభూమి నిండా నెర్రెలు. ఒకసారి ఒక గుర్రపు దళం మొత్తం నెర్రెలోకి జారిపోయింది. మేడం వంగి, కళ్ళద్దాలు సర్దుకుని లోపలికి చూసి, "గైర్హాజర్" అని రాసింది.

ఆడేవాళ్ళే లేరు. అదే ఆమెకున్న బాధ. తోటి టీచర్లను పిలిచిందట, వాళ్ళు వచ్చి టీ తాగి, మట్టి చూసి పోయారు. నన్ను కూర్చోబెట్టింది. ఇరవై నిమిషాల్లో నా సైన్యం తెల్లబడింది. "నీతో ఆడితే సోషల్ పేపర్ మళ్ళీ దిద్దినట్టుంది" అని బల్ల మీంచి నన్ను తీసేసింది.

అప్పుడు వచ్చాడు మా నాయన.

కంటి డాక్టర్ దగ్గరికి ఆదోని వచ్చి, నాతో పాటు బస్సెక్కాలని ఆగాడు. ఆదివారం. నేను మేడం ఇంట్లో ఉన్నానని మేడెక్కాడు. మా నాయన ఎక్కువ మాట్లాడడు. నలభై ఏళ్ళు గుంట మగ్గం మీద, కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆయనతో మాట్లాడాలంటే ఎవరైనా వంగాలి, అందుకని ఎవరూ పెద్దగా మాట్లాడరు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. తన కండెలను గుర్తుపట్టాడు.

"ఇవి మనయే గదమ్మే?"

"ఇప్పుడు ఫిరంగులు నాయనా."

"ఓహో" అన్నాడు, ఫిరంగులవడం కండెలకు మామూలే అన్నట్టు. తర్వాత మేడంని అడిగాడు. "ఈ కట్ట ఎందుకు మేడం?"

మేడం రెండు గంటలు చెప్పింది. నాయన రెండు గంటలు విన్నాడు. ఆ రోజు బస్సు పోయింది, తర్వాత బస్సూ పోయింది. లేచేటప్పుడు మేడం నాతో మెల్లగా, "మీ నాయనకు వినడంలో పదికి పది" అంది. ఆమె పది వేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నాయన ఆదోని పోయేవాడు. తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని. మా అమ్మ, "పెండ్లిచూపులకు కూడా ఇట్ల రాలేదు ఈ మనిసి" అనేది. మొదటి నాలుగు ఆటలు ఓడిపోయాడు. ఐదోది ఎవరూ గెలవలేదు. ఆరోదాంట్లో గొడవొచ్చింది.

ఆ రోజు మేడం దాడి చేసే పక్షం. నాయన కాచుకునే పక్షం. నాయనకు మూడు ఫిరంగులు, మట్టి తవ్వుకోవడానికి ఆరు వంతుల టైము. మేడం అటు తిరిగి తన సైన్యానికి హాజరు తీసుకుంటూ ఉంది. నాయన నన్ను ఒక చెంచా అడిగాడు. చెంచాతో మూడు గుంటలు తవ్వాడు. కట్ట వేయలేదు. మూడు ఫిరంగులనూ గుంటల్లోకి దించాడు. చక్రాలు లోపల, మూతి మాత్రం నేలకు అంగుళం పైన. తవ్విన మట్టి అటూ ఇటూ పరిచాడు.

మేడం తిరిగి చూసింది.

"ఏమప్పా, ఫిరంగులను పూడ్చి పెడతాండావా?"

"లేదు మేడం. కూసోబెడతాండా."

"కట్ట ఏది?"

"కట్ట ఎందుకు మేడం, గుంట ఉంది గదా. కాళ్ళు గుంటలో ఉన్నా కండ్లు బయటుంటాయి."

మేడం ఆట మొదలుపెట్టింది. ఆమె రెండు దళాలు నేరుగా గుంటల మీదికి వచ్చాయి. నాయన రానిచ్చాడు. టేపు మీద మూరెడు దూరం వచ్చాక, "ఇంగ పేలుస్తా" అని పాచిక తీసుకున్నాడు.

"పేలవు" అంది మేడం.

"ఎందుకు?"

"అంత కింద పెడితే ఏం కనపడుతుంది? నేలలో చిన్న మిట్ట అడ్డమొచ్చినా చాలు. పుస్తకంలో ఫిరంగి చదును నేల మీద, కట్ట వెనక ఉండాల. ఇది గుంట. గుంటలో ఫిరంగి గుడ్డిది."

"నేను నలభై ఏండ్లు గుంటలో కూసోని వాకిలి సూస్తాండా మేడం. వీధిలో వచ్చేది ఎవరో ఇంట్లో అందరికన్నా ముందు నాకే తెలుస్తాది."

"అది మగ్గం. ఇది యుద్ధం."

కొంగు ముడిలోంచి సుద్దముక్క తీసి, మూడు గుంటల పక్కన తలుపు అంచు మీద పెద్ద సున్నా చుట్టింది. ఆమెకది కొత్త కాదు. ముప్పై ఏళ్ళు చుట్టిన సున్నా, ఒక్క ఊపులో గుండ్రంగా వచ్చేసింది.

నాయన సున్నాను చూశాడు. పాచికను మెల్లగా తలుపు మీద పెట్టాడు. టీ చల్లారుతోంది, దాన్ని తాగేశాడు. "సరే మేడం, బస్సుకు టైమైంది" అన్నాడు. బస్సుకు ఇంకా గంట టైముంది.

తర్వాత ఆదివారం నాయన పోలేదు. ఆ తర్వాతదీ పోలేదు. అడిగితే మగ్గం మీద పనుందన్నాడు. మగ్గం మీద ఎప్పుడూ పనుంటుంది, అది అబద్ధం కాదు.

మా అమ్మ ఊరుకోదు కదా. "ఈ వయసులో ఫిరంగుల మీద అలిగినోన్ని నిన్నే సూస్తాండా. నాతో అలిగినా ఒక పూటే అలిగేటోనివి."

నాయన నాడె విసురుతూనే ఉన్నాడు. చానాసేపటికి అన్నాడు. "సున్నా యేసినామె కాడికి ఎట్ల పోయేది? బడికి పోయుంటే సున్నాలు అలవాటయ్యేవి. నేను బడికే పోలేదు."

అమ్మ లేచి ఆయన పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టింది.

ఇక్కడ ఆదోనిలో మేడం సంగతి వేరేగా ఉంది. రోజూ షాపుకు వచ్చేది. ఒకే పేజీ తెచ్చేది, నోట్‌బుక్కులో కట్టల వెనక ఫిరంగుల పేజీ.

"ఇది నిన్న తీసినాం గదా మేడం."

"నిన్నటిది మసగ్గా వచ్చింది."

తీసిచ్చాక పోకుండా నిలబడేది. "మీ నాయన బాగున్నాడా?" "బాగున్నాడు మేడం." "మగ్గం?" "అదీ బాగుంది మేడం." "ఊఁ" అని వెళ్ళిపోయేది. నేను ఆదివారం మేడెక్కితే బల్ల ఎక్కడిదక్కడే ఉంది. ఊడవనివ్వలేదు, ఒక్క గింజ కదపనివ్వలేదు. రెండు గ్లాసులు బయట పెట్టి ఉన్నాయి. నేల మాత్రం ఎండి నెర్రెలిచ్చింది, ఒక నెర్రె నాయన నడిమి ఫిరంగి కిందిదాకా పాకింది.

నాలుగో వారం నేనుండబట్టలేకపోయాను. నా నోరు అంతే, కడుపులో ఒక్క మాట దాగదు. జిరాక్స్ మిషన్ మూత తెరిచి పట్టుకునే చెప్పేశాను. "మేడం, మా నాయన బడికి పోలేదు. ఆయన పుట్టినప్పట్నించి ఎవరూ ఆయనకు మార్కులు వేయలేదు. మొదటిసారి మీరేసినారు, వినడానికి పది. అది నేను ఇంటికి పొయ్యి చెప్పినా. మా అమ్మకు నాతో మూడుసార్లు చెప్పించాడు. దాని తర్వాతది ఈ సున్నా."

మేడం జిరాక్స్ పేజీ తీసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అది ఉత్త నలుపు, నేను నోట్‌బుక్కు అద్దం మీద పెట్టనేలేదు, మూత మూయనేలేదు. దాన్నే మడిచి సంచిలో పెట్టుకుని పోయింది.

బుధవారం పొద్దున పదింటికి మేడం మా ఇంటి ముందర దిగింది. ఆ రోజు నాకు జ్వరం, షాపుకు పోలేదు. మేడం చేతిలో టైలర్ టేపు, సంచిలో నోట్‌బుక్కు. మా అమ్మ మంచినీళ్ళిస్తే తాగి, నేరుగా మగ్గం గదిలోకి నడిచింది. నాయన గుంటలో ఉన్నాడు. లేవబోయాడు.

"లేచి పక్కకు రాప్పా. నేను కూర్చోవాల."

"మగ్గం మీదనా మేడం?"

"గుంటలో."

డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. మోకాళ్ళు బాగుండవు. ఒక చెయ్యి నేనూ ఒక చెయ్యి అమ్మా పట్టుకుంటే, మెల్లగా అంచు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించింది. ముందర పడుగు పోగులు, వాటి సందులోంచి వాకిలి, వాకిలి అవతల వీధి. కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఏమ్మే, వీధి చివరికి పో."

"జ్వరం మేడం."

"నువ్వు కాలిబలం. జ్వరమొచ్చినా నడవాల."

నేను బోరింగు దాకా పోయి, అక్కడి నుంచి ఇంటి వైపు నడిచాను. బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు కొడుతున్న కొట్టుడు ఆపి చూశారు. లోపలి నుంచి క్లాసులో అరిచినట్టు మేడం గొంతు.

"ఆగు! తల నుంచి మోకాళ్ళ దాకా కనపడతాండావ్, కింద వీధి మిట్ట అడ్డం. రా... ఆగు! పాదాలు కూడా కనపడతాండాయి. ఆడనే ఉండు. ఏమప్పా, నువ్వు పొయ్యి నీ బిడ్డ పక్కన నిలబడు. అక్కడి నుంచి నేను ఎంత కనపడతాండా?"

నాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నలభై ఏళ్ళలో తన మగ్గంలో ఇంకొకరు కూర్చుంటే వీధిలోంచి చూడటం ఆయనకదే మొదటిసారేమో. చానాసేపు చూశాడు.

"తల మేడం. తల ఒక్కటే."

"భుజాలు?"

"పోగుల యెనక ఉన్నాయి. కనపడవు."

లోపల పెన్ను గీత చప్పుడు కూడా వినపడింది నాకు. "ఇంకా ముందుకు రామ్మే. మెట్టు కాడికి. వంగు."

వంగాను.

"ఏదీ, నువ్వు యాడ ఉండావ్?"

"ఈడనే మేడం, మెట్టు కింద."

"అయితే బతికినావ్" అంది మేడం.

ఆమె లేవడం పెద్ద పని అయింది. నాయన, అమ్మ, నేను ముగ్గురం పట్టుకుని లేపాము. లేచేటప్పుడు ఆమె కాలు గుంటలో కింది తొక్కుడు పలకను గట్టిగా తొక్కింది. పటపటమని పోగులు తెగాయి.

"ఎన్ని తెగినాయి?"

నాయన వంగి చూశాడు. "పదకొండు మేడం."

ఆమె క్షమించమని అనలేదు. అట్లాంటి మాటలు ఆమెకు రావు. గోడకు ఆనుకుని నిలబడి, నాయన ఒక్కో పోగు కొసలు వెతికి, రెండు వేళ్ళ మధ్య మెలేసి అతికించే వరకు, పదకొండూ అయ్యే వరకు చూసింది. పదకొండోది అయ్యాక నోట్‌బుక్కు తెరిచింది.

"గుంటలో ఫిరంగి గుడ్డిది కాదు. బోరింగు కాడ నీ బిడ్డను ఒకసారి చంపింది, వాకిలి ముందర ఇంకోసారి చంపింది. అవతలోనికి అది సరిగ్గా కనపడదు కూడా. కానీ మరీ దగ్గరికొచ్చి వంగినోన్ని కొట్టలేదు. సున్నా కొట్టేస్తాండా. ఐదు."

మా అమ్మ ఊరుకోదని ముందే చెప్పాను. "పదికా మేడం?"

"పదికి."

"మిగతా ఐదు యాడికి పోయినాయి?"

మేడం జవాబు చెప్పేలోపల నాయనే అన్నాడు. "లేదులే. మెట్టు కిందికొచ్చినోడు నాకూ కనపడడు. ఐదు సరిపోతాది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

బస్టాండుకు తోడు పోతూ నేను ఉన్నమాట చెప్పాను. ఆగిపోయిన ఆటలో మేడం దళాలు రెండూ మూరెడు దూరంలో నిలబడి ఉన్నాయి, మెట్టు కింద కాదు, వాకిలి ముందర. ఆ ఫిరంగులు పేలతాయని ఒప్పుకుంటే ఆమె పని అయిపోయినట్టే. "కొత్త ఆట మొదలుపెట్టండి మేడం, ఇద్దరికీ మంచిది."

"పేపరు తప్పు దిద్దినానంటే, మళ్ళీ అదే పేపరు దిద్దాల. కొత్త పరీక్ష పెట్టరు" అంది.

ఆదివారం నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. మేమిద్దరం మేడెక్కేసరికి నెర్రెలన్నీ పూడ్చి ఉన్నాయి. ఆట ఆగిన రోజు నేల ఎట్లుందో అట్లే ఉండాలని, తడి మట్టితో ఒక్కొక్కటే పూడ్చిందట, నడిమి ఫిరంగిని కదలకుండా ఎడమ చేత్తో పట్టుకుని. తలుపు అంచు మీద సున్నాను తుడవలేదు, అడ్డంగా కొట్టేసింది. పక్కన ఐదు వేసి, చిన్నగా సంతకం చేసింది.

"నీ వంతు" అంది నాయనతో. "పేలుస్తా అన్నావ్ గదా. పేల్చు."

నాయన మూడు ఫిరంగులకు మూడుసార్లు పాచిక వేశాడు. ఐదు, ఆరు, మూడు. అన్నీ తగిలినట్టే. మేడం మూడు చోట్లా తనే పత్తి పెట్టింది. తర్వాత తన దళాల మీదికి వంగి, ఒక్కొక్క చింతగింజనూ వేలితో తిప్పింది. తెలుపు, తెలుపు, తెలుపు. మొదటి దళం చివరి గింజ దాకా, రెండోది సగం దాటేదాకా. మిగిలిన నాలుగింటిని వెనక్కి జరిపి, హాజరు పుస్తకంలో రాసుకుంది. "నువ్వు గెలిచినావ్" అంది. నాయన ఏమనాలో తెలీక, "మీరు ఎడమ పక్క నుంచి వచ్చుంటే నేను పోయేటోన్ని మేడం" అన్నాడు. "అది వచ్చే వారం" అంది.

వచ్చే వారం మేము మెట్లెక్కి గదిలోకి అడుగు పెట్టాము. మేడం కుర్చీలో ఉంది, ఒళ్ళో నోట్‌బుక్కు. నాయనను చూసింది. నోట్‌బుక్కు బల్ల మీద పెట్టి, కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ళు కూడదీసుకుని, లేచి నిలబడింది.

ముప్పై ఏళ్ళు ఆమె లోపలికి వస్తే మాలాంటి పిల్లలంతా లేచారు. ఆమె ఎవరికైనా లేవడం నేను చూడలేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళకు కూడా కూర్చునే జవాబు చెప్పేదని మా స్కూల్లో అనుకునేవాళ్ళు. ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని నాయన వెనక్కి చూశాడు. వెనక నేనే ఉన్నాను. ఆమె లేచింది తన కోసమని ఆయనకు అర్థమయ్యేసరికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. మేడం నిలబడి ఉంటే తానెట్లా కూర్చుంటాడు? ఆయన కూర్చోందే ఆమె కూర్చోదు.

ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి ఉన్నారు. నేను కాసేపు చూశాను.

"కూర్చోండి" అన్నాను.

ఇద్దరూ కూర్చున్నారు. ఆ తర్వాత మేడం పోయేదాకా, ప్రతి ఆదివారం, ఆటలో నా పని అదొక్కటే.